అదీ గ్యాస్ గోలీయే, ఇదీ గ్యాస్ గోలీయేనట! దిల్‌సుఖ్‌నగర్ వాళ్లు జాగ్రత్త

ఇప్పుడే ఆ మెడికల్ షాపు నుంచి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. షాపు పేరు రాయను. ఇరవై శాతం డిస్కౌంట్ బోర్డు, ముందు ఎప్పుడూ నాలుగు బండ్లు. మన వైపు వాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

నాన్నకు 68. గత నెల ఎండోస్కోపీలో కడుపులో పుండు బయటపడింది. బ్యాక్టీరియా పరీక్షలో ఏమీ లేదు. మోకాళ్ల నొప్పికి రెండేళ్లుగా మింగిన నొప్పి గోలీల వల్లేనన్నారు డాక్టరు. ఆ గోలీలు చీటీ లేకుండా ఇచ్చింది ఎవరనుకుంటున్నారు? ఈ షాపు మహానుభావుడే. అవి ఆపేసి పాంటోప్రజోల్ 40 రాశారు. రోజుకు ఒకటి, పొద్దున టిఫిన్‌కు అరగంట ముందు, ఎనిమిది వారాలు. నేను ఆ చీటీ పట్టుకుని మళ్లీ అక్కడికే వెళ్లాను. బుద్ధి ఉన్నవాడెవడైనా వెళ్తాడా?

మూడు వారాలైనా నాన్నకు తగ్గలేదు. రాత్రి రెండింటికి లేచి, పొట్ట పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరిగేవాడు. నేనేం చేశానో తెలుసా? ఆయన్నే తిట్టాను. చాటుగా ఆవకాయ తింటున్నావు, సాయంత్రం వాకింగ్ పేరుతో బజ్జీల బండి దగ్గరికి పోతున్నావు అని. లేదురా, ఒట్టు అన్నాడు. నమ్మలేదు. ఊరగాయ జాడీ తీసుకెళ్లి అటక మీద పెట్టాను.

రివ్యూకి వెళ్తే డాక్టరు, వాడుతున్న మందు చూపించండి అన్నారు. జేబులోంచి బ్రౌన్ కవర్ తీసి టేబుల్ మీద కుమ్మరించాను. కత్తెరతో కోసిన రెండు స్ట్రిప్పు ముక్కలు. ఒకదాని మీద ఎక్స్‌పైరీ డేటు లేదు, అది ఉండే చివర షాపులోనే ఉండిపోయింది. రెండోదాని మీద సగం పేరు: ‘టిడిన్ 150’. డాక్టరు వెలుతురుకు పెట్టి చూసి, "ఇది రానిటిడిన్ అండీ, నేను రాసింది ఇది కాదే" అన్నారు.

కవర్ మీద వాడి చేతి రాత బాల్ పెన్నుతో ఉంది: పొద్దున 1, రాత్రి 1, తిన్నాక. డాక్టరు రోజుకు ఒకటే రాశారు, అదీ తినకముందు. చీటీ, కవర్ రెండూ మా ఫ్రిజ్ మీద మూడు వారాలు పక్కపక్కనే ఉన్నాయి. ఇంజినీరింగ్ చదివాను నేను. రోజూ ఆఫీసులో వేరేవాళ్ల తప్పులు పట్టుకోవడమే నా పని.

రెండూ యాసిడ్ తగ్గించేవే, కాదనను. డాక్టరు చెప్పింది నాకర్థమైనంత వరకు ఇదీ. కడుపులో యాసిడ్ తయారుచేసే పంపులుంటాయి. పాంటోప్రజోల్ ఆ పంపునే మూసేస్తుంది. మనం తినడం మొదలుపెట్టాక పంపులు పనిచేస్తాయి కాబట్టి, అప్పటికే మందు రక్తంలో ఉండాలని తినకముందు వేసుకోమంటారు. రానిటిడిన్ ఆ పంపుకు వచ్చే సంకేతాల్లో ఒకదాన్నే ఆపుతుంది, మిగతా దారులు తెరిచే ఉంటాయి. పైగా రోజూ వాడుతుంటే ఒంటికి అలవాటై పట్టు తగ్గుతుంది. మామూలు మంటకు సరిపోతుందేమో గానీ నొప్పి గోలీల వల్ల వచ్చిన పుండు మాన్పడంలో పాంటోప్రజోల్ అంత బాగా పనిచేయదు. ఇంటికొచ్చి వెతికితే, రానిటిడిన్‌లో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న మలినం ఉంటోందని 2020లో అమెరికాలో మార్కెట్ నుంచే తీసేయమన్నారట. మన దేశంలో 2022లో అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలోంచి తీసేశారు. అమ్మకం మాత్రం ఆగలేదు.

ఇక అసలు సంగతి. షాపుకెళ్లి చీటీ, ముక్కలు పక్కపక్కన పెట్టాను. చూడనైనా చూడలేదు.

"అన్నా, అదీ గ్యాస్ గోలీయే, ఇదీ గ్యాస్ గోలీయే. ఆ రోజు స్టాక్ లేకుండె."

లేకపోతే లేదని చెప్పాలి కదా అన్నాను. పెద్దాయనకు పుండు మానక రాత్రుళ్లు నిద్ర లేదన్నాను. అప్పుడు తలెత్తి, నలుగురి ముందు, చిన్నగా నవ్వుతూ అన్నాడు:

"మా దగ్గరే కొన్నవని ఏముంది? బిల్లు చూపియ్."

ఆరేళ్లుగా బిల్లు అడిగినప్పుడల్లా "మనకు మనకు బిల్లేందన్నా" అన్నది ఈ నోరే. నాకు మాట రాలేదు. ఆ లోపు వాడు నా చీటీ పక్కకు జరిపి, "ఆఁ, చెప్పమ్మా" అని వెనకావిడ దగ్గర డబ్బులు తీసుకున్నాడు. కవర్ మీద నీ చేతి రాతే కదా అని అడగాలని మెట్లు దిగాక తట్టింది. ఎప్పుడూ అంతే నాకు.

అదృష్టం కొద్దీ రక్తం పడలేదు. విరేచనం తారులా నల్లగా వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వచ్చేయమన్నారు. ఎనిమిది వారాల కోర్సు మళ్లీ ఒకటో రోజు నుంచి. ఆ మూడు వారాలు గంగలో.

మీరు కొనేటప్పుడు కంపెనీ మారినా ఫర్వాలేదు, లోపలి మందు పేరు, మోతాదు చీటీలో ఉన్నవేనా చూసుకోండి. డేటున్న ముక్క అడగండి. బిల్లు తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ టోల్ ఫ్రీ నంబరు 1800 599 6969. నేను రేపు చేస్తున్నాను, కవర్ దాచి ఉంచాను.

ఇదంతా టైప్ చేస్తుంటే నాన్న వాకింగ్ నుంచి వచ్చాడు. చేతిలో బామ్ డబ్బా. ఎక్కడ కొన్నావంటే, అదే షాపు. బిల్లేది నాన్నా అంటే, "మనవాడే కదరా" అన్నాడు.