పైథాన్ ఎండ్స్‌విత్ రివ్యూ: ఫైల్ పేర్లకు భేష్, తెలుగు డేటాకు కాస్త జాగ్రత్త

స్ట్రింగ్ (అంటే అక్షరాల వరుస) చివర ఫలానా ముక్క ఉందో లేదో చెప్పడం పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఎండ్స్‌విత్ మెథడ్ పని. ఉంటే ట్రూ అంటుంది, లేకపోతే ఫాల్స్. ఫైల్ పేర్ల మీద దీనికి అయిదుకు అయిదు ఇవ్వొచ్చు. తెలుగు డేటాను శుభ్రం చేయకుండా దీనికి అప్పజెబితే మూడు దాటదు. తప్పు మెథడ్‌ది కాదు, కానీ తిప్పలు మనవే.

ఊళ్ల జాబితాలోంచి పల్లి, పాలెం, పురం అని ముగిసేవి ఏరాలంటే మూడింటినీ ఒకే టపుల్‌గా, అంటే గుండ్రటి బ్రాకెట్లలో కామాలతో రాసి, ఇస్తే చాలు. ఈ సౌకర్యం 2.5 వెర్షన్ నుంచీ ఉంది. చదరపు బ్రాకెట్ల లిస్ట్ ఇస్తే మాత్రం టైప్ఎర్రర్ వస్తుంది. ముక్క ఎక్కడున్నా సరేననే ‘ఇన్’తో కానిచ్చేద్దామనుకుంటే తాడేపల్లిగూడెం కూడా వచ్చి పల్లిల్లో కూర్చుంటుంది. ఎండ్స్‌విత్ దాన్ని రానివ్వదు, మదనపల్లెనూ రానివ్వదు. ‘పల్లె’ను టపుల్‌లో విడిగా చేర్చాల్సిందే. అన్నట్టు, టపుల్‌లో కామా మరిచిపోతే పక్కపక్క స్ట్రింగులు అతుక్కుని ‘పల్లిపాలెం’ అవుతాయి. ఎర్రర్ రాదు, ఊళ్లూ రావు.

ఖాళీ స్ట్రింగ్ ఇస్తే జవాబు ఎప్పుడూ ట్రూనే. సెట్టింగ్స్‌లో ‘.జేపీజీ,.పీఎన్‌జీ,’ అని చివర ఒక కామా మిగిలిపోయిందనుకోండి. కామాల దగ్గర స్ప్లిట్ చేసినప్పుడు ఆఖరున ఖాళీ స్ట్రింగ్ పుట్టుకొస్తుంది, ఫోల్డర్‌లోని ప్రతి ఫైలూ మ్యాచ్ అవుతుంది. అది డిలీట్ చేసే స్క్రిప్ట్ అయితే కొంప మునిగినట్టే. టపుల్ కట్టే ముందు ఖాళీలను ఏరేయాలి.

ఇక తెలుగు సంగతి. మనం అక్షరం అనుకునేది పైథాన్‌కు అక్షరం కాదు. ‘రాముడు’ పొడవు ఎంతని అడిగితే 6 అంటుంది: గుణింతపు గుర్తులను విడిగా లెక్కేస్తుంది. కాబట్టి ‘డు’తో ముగుస్తోందా అంటే ట్రూ, ‘డ’తో అంటే ఫాల్స్, ఒక్క కొమ్ము గుర్తుతో అంటే మళ్లీ ట్రూ.

అసలు చిక్కు పొల్లుతో ముగిసే పేర్లలో. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనపడని గుర్తును చేరుస్తాయి. ‘సికింద్రాబాద్’ చివర అది దాక్కుంటే ‘బాద్’తో పోల్చినప్పుడు ఫాల్స్ వస్తుంది. తెర మీద చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. చివర్లలోని ఖాళీలను తీసే స్ట్రిప్ వాడినా అది పోదు, ఎందుకంటే పైథాన్ లెక్కలో అది ఖాళీ జాగా కాదు. అనుమానం వస్తే, కనపడని గుర్తులను కోడ్‌గా చూపే రెప్ర్‌తో ప్రింట్ చేయండి, 200సి అనే కోడ్ బయటపడుతుంది. ఆ గుర్తును రీప్లేస్‌తో తీసేయాలి, పోల్చే ముక్కలోంచి కూడా. ‘చెన్నై’లాంటి పేర్లలో ఐత్వం ఒకే కోడ్‌గా ఉండొచ్చు, రెండు కోడ్‌లుగానూ ఉండొచ్చు. రెండు వైపులా యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌ను ఎన్‌ఎఫ్‌సీ (విడి కోడ్‌లను ఒకటిగా కలిపే పద్ధతి)తో నడిపితే ఆ తేడా పోతుంది.

ఇంగ్లిష్ ఎక్స్‌టెన్షన్లలో (ఫైల్ పేరు చివరి చుక్క ముక్కల్లో) పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేరుగా లెక్కవుతాయి, ముందు లోయర్‌తో అన్నిటినీ చిన్నక్షరాలు చేస్తే చాలు. ఫైల్‌లోంచి చదివిన లైన్ల చివర న్యూలైన్ (లైన్ ముగిసిందని చెప్పే కనపడని గుర్తు) ఉంటుంది, దాన్ని తీయకపోతే దాదాపు అన్నిటికీ ఫాల్సే.

చివరి ముక్కను కోసేయడానికి చాలామంది ఆర్‌స్ట్రిప్ వాడతారు. వద్దు. అది ముక్కను చూడదు, అందులోని అక్షరాల్లో ఏది చివర దొరికినా తీసేస్తూ పోతుంది. ‘టెస్ట్.టీఎక్స్‌టీ’ అనే ఇంగ్లిష్ పేరు మీద ‘.టీఎక్స్‌టీ’ అని ఇస్తే చుక్కతో పాటు ‘టెస్ట్’లోని ఆఖరి టీ కూడా పోయి టీ, ఈ, ఎస్ మిగులుతాయి. 3.9 నుంచి ముక్కను ముక్కగానే తీసే రిమూవ్‌సఫిక్స్ ఉంది, కానీ అది టపుల్ తీసుకోదు. పాత వెర్షన్‌లో ఉన్నవాళ్లు ఎండ్స్‌విత్‌తో చూసి, ముక్క పొడవును మైనస్‌లో పెట్టి స్లైస్ చేయొచ్చు, అంటే చివర అంత మేర వదిలి ముందు భాగం తీసుకోవచ్చు. ముక్క ఖాళీ కాదని మాత్రం ముందే చూడాలి. మైనస్ సున్నా అంటే సున్నాయే కాబట్టి మొత్తం పేరే ఎగిరిపోతుంది.