పాత మెరీనాతో వెలిగొండల అంచున మూడు రాత్రులు

మా ఇంట్లో 2006 నాటి టాటా ఇండిగో మెరీనా ఒకటి ఉంది. పైకప్పు వెనుక తలుపు దాకా సాగే ఈ స్టేషన్ వాగన్ తరహా బండ్లు మన రోడ్ల మీద ఎప్పుడూ అరుదే. నాన్నగారు దీన్ని ఏరికోరి కొన్నది సీతారామపురం వైపున్న మా చేను కోసం. వెనుక సీటు మడిస్తే ఎరువుల బస్తాలు, మందు కొట్టే పంపు, నలుగురికి సరిపడే భోజనం క్యారేజీలు అన్నీ అందులోనే సర్దుకునేవి. 2021లో పదిహేనేళ్ళు నిండినప్పుడు ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్ళకు పొడిగించుకున్నాము. అమ్మేయమని సలహా ఇచ్చినవారు చాలామంది ఉన్నారు గాని, నాకు మనసు ఒప్పలేదు.

చిక్కల్లా ఊరి తారు రోడ్డు నుంచి చేను దాకా ఉన్న నాలుగు కిలోమీటర్ల డొంకదారితో వచ్చింది. ట్రాక్టర్లు తిరిగి తిరిగి చక్రాల జాడలు లోతుగా దిగబడి, నడుమ మట్టి గట్టులా మిగిలిపోయింది. ఆ గట్టులో అక్కడక్కడ పలుగురాళ్ళు పొడుచుకుని ఉంటాయి. రెండేళ్ళ క్రితం అలాంటి రాయి ఒకటి తగిలి ఇంజను అడుగున ఉన్న ఆయిల్ ఛాంబర్ చిట్లింది, నూనె అంతా దారిలోనే కారిపోయింది. ఆ రోజు బండిని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చిన తరువాత, దాన్ని ఈ దారికి తగినట్టు మార్చుకోవాలని నిర్ణయించుకున్నాను. ఇది ముందు చక్రాలతో నడిచే కారు. దీన్ని జీపుగా మార్చాలన్న ఆశ నాకు లేదు. గరపనేల మీద, చిన్న వాగు చప్టాల మీద, డొంకల్లో దెబ్బ తినకుండా పోయి రాగలిగితే చాలుననుకున్నాను.

నెల్లూరు ఆటోనగర్‌లో మూడు షెడ్లు తిరిగాను. మొదటి రెండు చోట్లా నాలుగంగుళాలు పైకి లేపుదామని ఉత్సాహపడ్డారు. మూడో షెడ్డు మేస్త్రి మాత్రం బండిని పైకెత్తి అడుగంతా టార్చి వేసి చూసి, "ఎత్తు ఎంతైనా లేపొచ్చన్నా, యాక్సిల్ తట్టుకోవాల గదా" అన్నాడు. ఆ ఒక్క మాటతో పని ఆయనకే అప్పగించాను. ముందు చక్రాలను తిప్పే యాక్సిల్ జాయింట్లు కొంత వాలులోనే సుఖంగా తిరుగుతాయి; బండి శరీరాన్ని ఎక్కువ లేపితే ఆ వాలు పెరిగి, వాటి మీది రబ్బరు తొడుగులు చిరిగి, గ్రీజు బయటపడి, లోపల దుమ్ము చేరి జాయింట్లే అరిగిపోతాయి. బ్రేకు గొట్టాలు కూడా బిగుసుకుపోతాయి.

అందుకే ఆయన ముందుగా ఎత్తు జోలికి పోలేదు. కుంగిపోయిన వెనుక స్ప్రింగులను, నాలుగు షాక్ అబ్జార్బర్లను, ఎండిపోయిన బుష్‌లను (కీళ్ళలోని రబ్బరు ముక్కలను) మార్చి, బండిని పుట్టినప్పటి ఎత్తుకు తెచ్చాడు. పాత బండి విషయంలో సగం పని ఇదేనని నేను నమ్ముతున్నాను. ఆ తరువాతే స్ట్రట్‌ల (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసి ఉండే కాళ్ళ) పైన, బండిని లేపడానికి, 25 మిల్లీమీటర్ల మందం దిమ్మల్లాంటి స్పేసర్లు పెట్టాడు. టైర్లు 175/65 ఆర్14 నుంచి 175/70 ఆర్14కు మార్చాము. చక్రం రిమ్ అదే, టైరు గోడ మాత్రం పొడవు. దానివల్ల బండి మొత్తం మరో తొమ్మిది మిల్లీమీటర్లు లేచింది. టైరు చుట్టుకొలత మూడు శాతం పెరగడంతో స్పీడోమీటరు 60 చూపేటప్పుడు నిజానికి దాదాపు 62లో పోతున్నామని గుర్తు పెట్టుకోవాలి.

ఇక అసలు పని ఛాంబర్ కింది రక్షణ రేకు. 80 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం గల ఇనుప రేకును వంచి, నూనె దించడానికి ఒక రంధ్రం, గాలి ఆడడానికి చీలికలు వదిలి, ఇంజను కింది చట్రానికి (సబ్‌ఫ్రేముకు) బోల్టులతో బిగించాడు. అదొక్కటే పదకొండు కిలోలు తూగింది. దెబ్బ తగిలినప్పుడు రేకు వంగినా ఛాంబరును తాకకుండా నడుమ 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచాడు. లెక్క వేస్తే, స్పేసర్లూ టైర్లూ కలిపి ఇచ్చిన 34 మిల్లీమీటర్లలో ఈ ఖాళీ, రేకు మందం కలిసి 28 తినేశాయి. ఇంజను కింద నికరంగా మిగిలింది ఆరు మిల్లీమీటర్లే. మొదట ఆ అంకె విని నిరాశపడ్డాను. కాని సైలెన్సరుకు, డీజిలు ట్యాంకుకు, తలుపుల కింది అంచులకు 34 మిల్లీమీటర్లూ పూర్తిగా దక్కాయి. ఛాంబరుకు దక్కింది ఎత్తు కాదు, దాని బదులు దెబ్బ తినే ఇనుము.

బండి ముందు భాగానికి ఇనుప కమ్ముల గార్డు వద్దన్నాను. అలాంటి గార్డులను తొలగించాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. కనుక బాడీని ఎక్కడా కోయలేదు, వెల్డింగు చేయలేదు. ఒక పూట కూర్చుంటే అన్నీ విప్పి పాత స్థితికి తేవచ్చు. పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో అడిగి వచ్చాను, బీమా సంస్థకు లేఖ రాశాను. ఇటువంటి పని తలపెట్టేవారు ఈ రెండూ చేయకుండా మేస్త్రి దగ్గరకు వెళ్ళవద్దని నా విన్నపం.

సంక్రాంతి వెళ్ళిన తరువాతి గురువారం, నేనూ మా బావమరిదీ బయలుదేరాము. మైపాడు తీరానికి పోయి ఇసుకలో పరీక్షిద్దామని అతను అన్నాడు గాని, నేను ఒప్పుకోలేదు. ఉప్పుగాలి పాత రేకుకు శత్రువు. పైగా ఈ నెలల్లో తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక మీద బండి చక్రాలు పోకూడదు.

సంగం చేరేసరికే స్టీరింగు ఎడమకు లాగుతున్నట్టు తెలిసింది. స్పేసర్లు పెట్టాక అలైన్‌మెంటు (చక్రాలను తిన్నగా సరిచేయడం) చేయించుకోమని మేస్త్రి చెబితే, నెల్లూరులో కంప్యూటరు యంత్రం ఉన్న ఒక దుకాణంలో చేయించాను. వాళ్ళిచ్చిన కాగితం మీద అంకెలన్నీ సరిగా ఉన్నట్టు ఆకుపచ్చగా ఉన్నాయి, బండి మాత్రం సరిగా లేదు. ఆత్మకూరులో చెట్టు కింద పనిచేసే ఒక వృద్ధ మేస్త్రి, బండికి రెండు వైపులా నూలుదారం లాగి కట్టి, చక్రం ముందంచుకూ వెనుకంచుకూ దారం నుంచి ఉన్న దూరాన్ని స్కేలుతో కొలిచి, ముప్పావు గంటలో సరిచేశాడు. నెల్లూరు దుకాణం తీసుకున్న డబ్బులో మూడో వంతు కూడా అడగలేదు. మిగిలిన ప్రయాణమంతా స్టీరింగు నిటారుగా నిలిచింది. యంత్రం కన్నా దారం మేలని నేననను. కొలిచిన తరువాత బండిని నడిపి చూసిన మనిషి మేలు.

సోమశిల దగ్గర గంటసేపు ఆగాము. 78 టీఎంసీల జలాశయం వానల తరువాత నిండుగా ఉంది. కట్ట దగ్గర నీడ, టీ దొరుకుతాయి గాని, ఉండడానికి అనువైన చోటు మాకు కనిపించలేదు. సాయంత్రానికి ఉదయగిరి చేరి బస్టాండు సమీపంలో ఒక లాడ్జిలో దిగాము. గది శుభ్రంగా ఉంది, తెల్లవారుజామునే వేడినీళ్ళు ఇచ్చారు. బండి పెట్టే చోటు లేకపోవడం పెద్ద లోపం; రాత్రంతా రోడ్డు పక్కనే నిలిపాము. వెనుక అద్దాల గుండా సామాను కనిపించే వాగన్‌కు ఇది ఇబ్బంది. మీరూ ఇలాంటి బండిలో వెళితే ఒక ముదురు రంగు దుప్పటి తీసుకెళ్ళి సామాను మీద కప్పండి.

ఉదయం దుర్గం కేసి చూస్తూ ఇడ్లీలు తిన్నాము. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలిచిన ఈ కోట మీదికి నడకదారే. ఒక పూట పూర్తిగా కేటాయించాలి. మాకు సమయం లేక, ఊళ్ళో చేసే చెక్క గరిటెలు నాలుగు కొనుక్కుని కదిలాము. గట్టిగా, నునుపుగా ఉన్నాయి. ఇంటికి వచ్చాక అమ్మ వాటినే వాడుతోంది.

సీతారామపురం దాటి డొంకలో దిగేముందు టైర్లలో గాలి ఒత్తిడి 32 నుంచి 26 పీఎస్ఐకి తగ్గించాను. ఇసుకలోనైతే ఇంకా తగ్గించవచ్చు. పలుగురాళ్ళ దారిలో మరీ తగ్గిస్తే టైరు పక్కగోడ కోసుకుపోతుంది. గట్టును చక్రాల నడుమ ఉంచకుండా, ఒక వైపు చక్రాలను గట్టు మీదికి ఎక్కించి నెమ్మదిగా నడిపాను. రెండుచోట్ల రేకు రాయికి రాసుకున్న చప్పుడు వచ్చింది. ఆ చప్పుడుకు గుండె ఝల్లుమంది గాని, దిగి చూస్తే గీతలు తప్ప ఏమీ లేవు.

చేనుకు ముందు ఒక వాగు. బావమరిది పంచె ఎగ్గట్టి, కర్రతో లోతు చూస్తూ అవతలికి నడిచి, "బావా, మోకాలి కింది దాకే, అడుగున ఇసుక గట్టిగా ఉంది" అని కేకేశాడు. మా చక్రం నడిమి బొడ్డు నేల నుంచి సుమారు ఒక అడుగు. నీళ్ళు అంతకు మించితే వెనుదిరగాలని ముందే అనుకున్నాము, కర్ర మీది తడి అంతకు తక్కువే ఉంది. మొదటి గేరులో, ఎక్కడా ఆగకుండా, క్లచ్ తొక్కకుండా దాటాను. గట్టెక్కాక బ్రేకులు ఆరేదాకా రెండు మూడు సార్లు మెల్లగా తొక్కాను.

కంది కోతలు అయిపోయిన చేనులో బండి కాసేపు నిలిపి, మధ్యాహ్నానికి అంబవరం కొత్తపల్లి మీదుగా భైరవకోనకు వెళ్ళాము. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. నా లెక్కలో ఈ ప్రయాణంలో చూసిన చోట్లన్నింటిలో ఇదే మొదటిది. శిల్పాల ముందు నిలబడి తీరిగ్గా చూసే ప్రశాంతత అక్కడ ఉంది, అన్నదాన సత్రంలో వడ్డించినవారి ఆదరం మరువలేనిది. గుడి దాకా మంచి రోడ్డే ఉంది, మామూలు కారు చాలు.

ఆ రాత్రి చేనులోనే, వెనుక సీటు మడిచి బండిలోనే పడుకున్నాము. ఇద్దరికి కాళ్ళు చాచుకునే చోటు, మూలగా పడుకుంటేనే. అద్దాలకు దోమతెర కట్టుకోకపోవడం నా తప్పు. అద్దాలు ఎక్కిస్తే ఉక్క, దించితే దోమలు. అయినా లాడ్జి గది కన్నా ఈ రాత్రికే ఎక్కువ మార్కులు వేస్తాను. చలిగాలి, కంది పొరక వాసన, దూరంగా కొండల నల్లటి గీత.

శనివారం పెంచలకోన చేరాము. వారం చూసుకోకుండా వెళ్ళడం పొరపాటే. లక్ష్మీనరసింహస్వామికి ప్రీతికరమైన రోజు కావడంతో వాహనాలు బారులు తీరి ఉన్నాయి, గది దొరకడానికి మూడు గంటలు పట్టింది. దొరికిన గదిలో కొళాయి సరిగా మూయదు, మంచం గట్టిది, అద్దె మాత్రం న్యాయంగా ఉంది. తెల్లవారి జనం పలుచబడ్డాక దర్శనం చేసుకుని, చెంచులక్ష్మి అమ్మవారి గుడికి, తరువాత రాళ్ళ మీదుగా నడిచి జలపాతం దాకా వెళ్ళివచ్చాము. కుటుంబంతో వెళ్ళేవారు మామూలు వారాల్లోనే పెట్టుకుంటే కోన అందం దక్కుతుంది.

సోమవారం బండిని మళ్ళీ మేస్త్రి షెడ్డులో పైకెత్తించాను. రేకు మీద నాలుగు గీతలు, ఒక చిన్న సొట్ట. లోపలి ఛాంబరు చెక్కుచెదరలేదు. కుడి యాక్సిల్ రబ్బరు తొడుగు మడతల్లో మాత్రం సన్నని పగులు కనిపించింది. పాతది కాబట్టి పగిలిందా, స్పేసరు వల్లనా అని అడిగాను. ఆయన ఎడమది కూడా తుడిచి చూసి, కొత్త తొడుగులు వేసి, ముందు స్పేసర్లు 25 నుంచి 15కు తగ్గిద్దామన్నాడు. వచ్చే ఆదివారం ఆ పని పెట్టుకున్నాము.