మీ మందుల జాబితా: చీటీల ఫైలా, ఫోన్ యాపా, ఒక కాగితమా? ఏది మేలు?

కొత్త డాక్టరు మొదట అడిగేది "ఇప్పుడు ఏమేం మందులు వాడుతున్నారు?" అనే. "బీపీకి ఒక చిన్న తెల్ల బిళ్ల" అని చెబితే లాభం లేదు. తెల్ల బిళ్లలు వందల రకాలు, పైగా ఒకే మందు కంపెనీ మారితే రంగూ ఆకారమూ మారిపోతాయి. కాబట్టి రాసి పెట్టుకోవాల్సిందే. దేంట్లో రాసుకోవాలన్నదే తేల్చుకోవాలి.

చీటీల ఫైలు

ఎక్కువమంది దగ్గర ఉండేది ఇదే. ఏ మందు ఎప్పుడు మొదలైంది, డోసు ఎందుకు మారింది, అప్పటి రక్తపరీక్షలో ఏం వచ్చింది అన్నవి దీంట్లోనే దొరుకుతాయి కాబట్టి పారేయకండి. కానీ దీన్ని జాబితా అనుకోవద్దు. చీటీలో ఉండేది డాక్టరు రాసిన మందు. మీరు మింగుతున్నది అదే కానక్కర్లేదు. కడుపులో మంట పుట్టి మానేసిన మాత్ర అందులో అలాగే ఉంటుంది, సొంతంగా కొనుక్కున్న నొప్పి మాత్ర ఉండదు. ఇద్దరు డాక్టర్లు ఒకే మందును రెండు బ్రాండ్ల పేర్లతో రాస్తే, రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టినా ఆ సంగతి కంటికి ఆనదు.

మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లడం దీనికంటే నయం, ముఖ్యంగా మొదటిసారి వెళ్లేటప్పుడు. కంటి చుక్కలు, ఇన్‌హేలర్, ఇన్సులిన్, మూలికల పొడులు కూడా వేసుకోండి. టిమొలాల్ కంటి చుక్కలు ఉబ్బసం ఉన్నవాళ్లలో ఆయాసం తెప్పించగలవు, అందుకే "చుక్కలే కదా" అని వదిలేయకూడదు. షీటును కత్తిరించి వాడే అలవాటుంటే చిక్కు వస్తుంది: పేరు, గడువు తేదీ ఒక చివరే ముద్రించి ఉంటే ఆ ముక్క ముందే పోతుంది.

ఫోన్ యాప్

వేళకు గుర్తుచేయడంలో దీన్ని మించింది లేదు. రోజుకు నాలుగు పూటలు మందులున్నవాళ్లకీ, దూరంగా ఉన్న అమ్మానాన్నల మందులు చూసుకునే పిల్లలకీ నిజంగా అక్కరకొస్తుంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి హెల్త్ యాప్‌లోనే మందుల విభాగం ఉంది.

అయితే తప్పులు మందు పేరు ఎక్కించేటప్పుడే దొర్లుతాయి. మొదటి నాలుగు అక్షరాలు కొట్టగానే వచ్చే వరుసలో 25 బదులు 50 మీద వేలు పడుతుంది, లేదా మామూలు మాత్ర బదులు నెమ్మదిగా కరిగే ఎస్ఆర్ రకం ఎంపికవుతుంది. మెథోట్రెక్సేట్‌తో మరీ జాగ్రత్త. కీళ్లవాతానికి అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. "రోజూ" అన్న ఎంపికను మార్చడం మరిచిపోయి, మోగినప్పుడల్లా వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొక సంగతి: మోత ఆపడానికి "వేసుకున్నాను" నొక్కేస్తే, మింగని మాత్ర కూడా మింగినట్టే నమోదవుతుంది. ఇక మీరు స్పృహలో లేనప్పుడు తాళం పడిన ఫోన్‌లోని యాప్‌ను ఎవరూ తెరవలేరు.

ఒక్క కాగితం

మా మొగ్గు దీనివైపే. నాలుగు మడతలు పెట్టి పర్సులో ఉంచుకునే ఒక్క షీటు చాలు. దీనికి ఛార్జింగ్ అక్కర్లేదు, ఎవరైనా చదవగలరు, డాక్టరు గదిలోంచి బయటికి వస్తూనే దిద్దుకోవచ్చు.

ఒక వరుస ఇలా ఉండాలి:

లీవోథైరాక్సిన్ | 50 మైక్రోగ్రాములు | 1 మాత్ర | ఉదయం పరగడుపున | థైరాయిడ్‌కి | మొదలు: నెల, సంవత్సరం | క్యాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం

బ్రాండ్ పేరు పక్కన రాసుకున్నా, ముందు రాయాల్సింది అసలు మందు పేరు. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది. పెద్దవాళ్లకి 24 గంటల్లో 4 గ్రాములు మించకూడదు. 650 మిల్లీగ్రాముల బిళ్లలు ఆరు వేస్తేనే 3.9 గ్రాములు. దానికి జలుబు మాత్ర తోడైతే హద్దు దాటుతుంది. బ్రాండ్ పేర్లే రాసుకుంటే ఈ లెక్క అందదు.

"మైక్రోగ్రాములు" అని పూర్తిగా రాయండి. పొట్టిగా రాస్తే మిల్లీగ్రాములుగా చదువుకునే ప్రమాదం ఉంది, తేడా వెయ్యి రెట్లు. 5.0 అని రాస్తే చుక్క చెరిగి 50 అవుతుంది, కాబట్టి 5 అనే రాయండి. సగం అని రాయాల్సి వస్తే మాత్రం ముందు సున్నా పెట్టి 0.5 అని రాయాలి. కాగితం పైభాగాన పడని మందులు ఉండాలి. "పెన్సిలిన్ పడదు" అని వదిలేయకుండా దద్దుర్లా, ఊపిరాడకపోవడమా అన్నది కూడా రాయాలి, డాక్టరు నిర్ణయం దాన్నిబట్టే ఉంటుంది.

మానేసిన మందును చెరిపేయకండి. ఒక గీత కొట్టి తేదీ, కారణం రాయండి. గీతలు ఎక్కువైతే తిరగరాసి, పాత కాగితాన్ని ఫైల్లో పెట్టండి.

రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌కి మాత్రం ఒక్క వరుస చాలదు. రక్తం ఎంత సేపట్లో గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షను బట్టి డోసు మారుతూ ఉంటుంది, రోజుకో డోసు ఉండొచ్చు కూడా. దానికి చిన్న పుస్తకం వేరే పెట్టి తేదీ, ఐఎన్ఆర్, మిల్లీగ్రాములు రాసుకోండి. కాగితంలో "పుస్తకం చూడండి" అంటే చాలు.

కాగితం తడుస్తుంది, పోతుంది. అందుకే దిద్దిన ప్రతిసారీ ఫోన్‌లో ఒక ఫొటో తీసి ఇంట్లో ఒకరికి పంపండి. పడని మందులు, ముఖ్యమైన మందులు తాళం తీయకుండా కనిపించే అత్యవసర సమాచారంలో ఎక్కించండి. యాప్‌ను అలారంగా వాడుకోండి, డోసు మారితే ముందు కాగితం, తర్వాత యాప్. మందులు తెచ్చుకున్నాక సంచి విప్పే ముందే కాగితం తీసి, ప్రతి షీటు మీది అసలు పేరూ మోతాదూ వరుసతో కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే ఆ మాత్ర వేసుకోకముందే ఫార్మసిస్టును అడగండి.