సెకండ్ హ్యాండ్ ఐమ్యాక్ కొంటున్నారా? ముందు దాని వీపు చూడండి

స్క్రీన్ వెనకే కంప్యూటరంతా ఉండే ఆపిల్ ఐమ్యాక్‌ని సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవాలని చూస్తున్న ఫొటోగ్రాఫర్లు, ఆల్బమ్ డిజైనర్లు ఎవరైనా ఉంటే, అడ్వాన్స్ చేతికి ఇవ్వకముందే ఇది చదవండి. 2017 మోడల్ అనుకుని 52 వేలు పోసి 2015 మోడల్ ఇంటికి తెచ్చుకున్నవాణ్ణి నేను. అదీ చూడకుండా కాదు, కూర్చుని, వాడి, గంటసేపు బేరమాడి మరీ.

మాది ఖమ్మం. పెళ్ళి ఆల్బమ్‌లు, వీడియో ఎడిటింగ్ మా పని. పోయిన ఆషాఢంలో పనుల్లేక ఖాళీగా ఉన్నప్పుడు, శ్రావణ ముహూర్తాలు మొదలయ్యేలోపు మంచి స్క్రీన్ ఒకటి పెట్టుకోవాలనిపించింది. మా పాత సిస్టంలో చీర రంగు ఒకలా కనబడితే ల్యాబ్ నుంచి ప్రింట్ ఇంకోలా వచ్చేది. నెమలికంఠం రంగు చీర ఆకుపచ్చగా వచ్చిందని ఒక పెళ్ళికూతురి తల్లి ఆల్బమ్ మొత్తం వెనక్కి పంపింది. ఆ రోజే అనుకున్నాను, అప్పు చేసైనా 5కె స్క్రీన్ (చుక్కలు బాగా ఎక్కువ, బొమ్మ స్పష్టం) ఉన్న ఐమ్యాక్ కొనాలని.

సికింద్రాబాద్‌లో ఒక షాపుకి వెళ్ళాను. పేరు రాయను, అడగొద్దు. టేబుల్ మీద 27 అంగుళాల ఐమ్యాక్ తళతళలాడుతోంది. స్క్రీన్ కింద అంచుకి ‘5కె, 2017’ అని తెల్ల స్టిక్కర్. షాపతను మౌస్ కదిపి చూపించాడు. “సోనోమా నడుస్తుందన్నా, కొత్త ఓఎస్. ఇంకేం గావాలె?” నిజంగానే సోనోమా నడుస్తోంది. వాల్‌పేపర్‌తో సహా అన్నీ కొత్తగా ఉన్నాయి. ఫొటోషాప్ తెరిచి మా ఫైల్ ఒకటి పెడితే జరీ అంచులో పోగులు లెక్కపెట్టొచ్చు అన్నట్టు కనిపించింది. అంతే, ఇక నా కళ్ళు వేరే ఏమీ చూడలేదు.

ఆ రోజు నాకు తెలియనిది ఒకటుంది. ఆపిల్ లెక్క ప్రకారం సోనోమా అనే ఓఎస్ (కంప్యూటర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టం) 2019 నుంచి వచ్చిన ఐమ్యాక్‌లకే. అంతకు ముందువాటిలో 2017 చివర్లో వచ్చిన ఐమ్యాక్ ప్రో ఒక్కదానికే మినహాయింపు. మామూలు 2017 ఐమ్యాక్ సోనోమాకి ముందు ఓఎస్ వెంచురా దగ్గరే ఆగిపోతుంది. అంటే “2017 మోడల్, సోనోమా నడుస్తుంది” అని అతను అన్నప్పుడే ఆ మాటలో అబద్ధం ఉంది. నేను మాత్రం కొత్త ఓఎస్ ఉంది కదా, మిషన్ కూడా కొత్తదే అయ్యుంటుందని సంబరపడ్డాను.

శ్రావణం రెండో వారం. మర్నాడు డెలివరీ ఇవ్వాల్సిన ఆల్బమ్ ఉంది. రాత్రి పడుకునే ముందు అప్‌డేట్ రెడీగా ఉందని ఒక చిన్న డబ్బా వచ్చింది. నొక్కి పడుకున్నాను. పొద్దున చూస్తే విండో పట్టి లాగితే బురదలో ఎడ్లబండిలా కదులుతోంది. కింద ఐకాన్లు ఆగి ఆగి లేస్తున్నాయి. వైఫై అసలు లేదు. షాపుకి ఫోన్ చేస్తే రింగ్ అవుతోంది, ఎత్తట్లేదు. ఆ టెన్షన్‌లో మా మేనత్త కొడుకు గుర్తొచ్చాడు. హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తాడు.

విషయం వినగానే అతను నవ్వాడు. “బావా, ఆఫ్ చేసి, ఆప్షన్ కీ నొక్కిపట్టుకుని ఆన్ చెయ్. ఏమొస్తుందో చెప్పు” అన్నాడు. హార్డ్ డిస్క్ బొమ్మ పక్కన ‘ఈఎఫ్ఐ బూట్’ అని ఇంకో బొమ్మ వచ్చింది. “ఐపోయింది బావా. ప్యాచ్ చేసిన మిషన్ అంటగట్టాడు. ఇప్పుడు వెనక్కి తిప్పి చూడు, టైప్ సి పోర్టులు ఉన్నాయా?”

తిప్పాను. లేవు. టైప్ సి లాగా గుండ్రటి అంచులవి కాదు, చిన్న పలకల్లాంటి రెండు కంతలు, పక్కన మెరుపు గుర్తు. అవి థండర్‌బోల్ట్ 2 అనే పాత రకం పోర్టులట. 2017 మోడల్‌కి అదే చోట రెండు టైప్ సి కంతలుంటాయి, థండర్‌బోల్ట్ 3వి. షాపులో గంటసేపు కూర్చున్నాను కదా, ఒక్కసారి వెనక్కి తిప్పి ఉంటే ఎడారిలో ఒంటెలా కనబడేది తేడా. ఆ తర్వాత స్టాండ్ పాదం కింద చీమంత అక్షరాల్లో ఉన్న సీరియల్ నంబర్‌ని ఆపిల్ వెబ్‌సైట్‌లో కొడితే తేలింది, 2015 చివర్లో వచ్చిన మోడల్ అని.

జరిగిందేమిటంటే, ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్ అని ఒక ఉచిత టూల్ ఉంది. ఆపిల్ సపోర్ట్ ఆపేసిన పాత మ్యాక్‌లలో కొత్త ఓఎస్ ఎక్కించడానికి కొందరు ఔత్సాహికులు తయారుచేసింది. పాత గ్రాఫిక్స్‌కి, పాత వైఫై చిప్‌కి కొత్త ఓఎస్‌లో డ్రైవర్లు (వాటిని నడిపే సాఫ్ట్‌వేర్) ఉండవు కాబట్టి అది వాటిని విడిగా అతికిస్తుంది. ఓఎస్ అప్‌డేట్ అయినప్పుడల్లా ఆ అతుకులు ఊడిపోతాయి, మళ్ళీ వేసుకోవాలి. టూల్‌ని తిట్టను, అది మంచిదే. తెలిసి వాడుకునేవాడికి పాత మిషన్ ఇంకో రెండేళ్ళు పనికొస్తుంది. చెప్పకుండా వేసి అమ్మినవాడిదే తప్పు. ఇంకో మాట, ఆ టూల్‌లో మోడల్‌ని వేరేదిగా చూపించే సెట్టింగ్ కూడా ఉంది. కాబట్టి స్క్రీన్ మీద ఆపిల్ మెనూలో కనబడే సంవత్సరం ఒక్కటే చూసి నమ్మకండి. పాదం కింది నంబర్, వెనక పోర్టులు, స్క్రీన్ మీది వివరం, మూడూ ఒకే మాట చెప్పాలి.

మరి ఇంత తేలిగ్గా మోసపోవడం ఎలా కుదిరిందంటే, కారణం సగం నా తొందరే అయినా మిగతా సగం ఐమ్యాక్ ముఖంలో ఉంది. 27 అంగుళాల ఐమ్యాక్ 2012 చివర్లో సన్నటి అంచుతో వచ్చింది మొదలు 2020 దాకా ముందు నుంచి చూస్తే ఒకటే రూపం. 2014 అక్టోబర్‌లో 5120×2880 చుక్కల 5కె స్క్రీన్ వచ్చినా పైకి అదే మనిషి. పాదం కింద రాసుండే మోడల్ నంబర్ కూడా 2012 నుంచి 2017 దాకా ఒక్కటే, ఏ1419. షాపువాళ్ళు “నంబర్ చూడన్నా, ఏ1419, 2017దే” అంటే అందులో అబద్ధమేమీ లేదు, కానీ అది 2012ది కూడా! 21.5 అంగుళాలదానికీ ఇదే కథ, దాని నంబర్ ఏ1418. 2019, 2020ల 27 అంగుళాలవి మాత్రం ఏ2115.

మొదట్లో ఇలా ఉండేది కాదు. 1998లో వచ్చిన మొదటి ఐమ్యాక్ నీలిపచ్చ రంగు బుడ్డ టీవీలా ఉండేది. 15 అంగుళాల గాజు ట్యూబు, 4 జీబీ డిస్క్, ఫ్లాపీకి చోటే లేదు. ఫ్లాపీలు జేబులో వేసుకుని తిరిగే రోజుల్లో ఫ్లాపీ లేని కంప్యూటర్! 2002లో వచ్చింది అర్ధగోళం మీద వంగే కాడ, దానికి స్క్రీన్, అచ్చం పొద్దుతిరుగుడు పువ్వు. 2004లో జీ5 చిప్ ఉన్న మోడల్‌తో స్క్రీన్ వెనకే అంతా సర్దేశారు, ఇప్పటిదాకా అదే పద్ధతి. 2006లో ఇంటెల్ చిప్, 2007లో అల్యూమినియం ఒళ్ళు. ఇవేవీ ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునేవి కావు. దాదాపు ఎనిమిదేళ్ళు ముఖం మార్చకుండా నిలబడ్డ తరం ఒక్కటే మనలాంటివాళ్ళ కొంప ముంచేది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఎక్కువగా తిరుగుతున్నదీ అదే.

ముఖం మారకపోయినా లోపల మాత్రం ఒక్కో తలుపూ మూసుకుంటూ వచ్చింది. 2004 నాటి జీ5కి కింది అంచున మూడు స్క్రూలు వదులు చేస్తే వీపు మొత్తం ఊడివచ్చేది, పార్టులు మనమే మార్చుకోవచ్చని ఆపిలే చెప్పేది. 2009 నుంచి 2011 దాకా వచ్చినవాటికి ముందు అద్దం అయస్కాంతాలతో నిలబడేది, రబ్బరు కప్పుతో లాగితే వచ్చేది. 2012 నుంచి జిగురు. ఇప్పుడు హార్డ్ డిస్క్ మార్చాలంటే స్క్రీన్ చుట్టూ జిగురు టేపు కోసి, అంత పెద్ద అద్దాన్ని పైకెత్తి, పనయ్యాక కొత్త టేపు వేసి అతికించాలి. మా బామ్మర్ది కూడా ఆ పని అంటే రెండు చేతులూ ఎత్తి దండం పెడతాడు. కోసేటప్పుడు చెయ్యి జారితే 5కె ప్యానెల్ పోతుంది, దాని రేటు మిషన్ రేటుకి దగ్గర్లో ఉంటుంది.

ర్యామ్ సంగతి కాస్త నయం. 27 అంగుళాలవాటికి 2020 దాకా కరెంటు తీగ పెట్టేచోట పైన చిన్న మూత ఉంటుంది, తీసి మనమే వేసుకోవచ్చు. 21.5 అంగుళాలవాటికి 2012 నుంచి ఆ మూత లేదు. వాటిలో 2015వైతే ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, కొన్నది కొన్నట్టే. “తర్వాత ర్యామ్ వేయించుకోవచ్చన్నా” అని షాపులో ఎవరైనా అంటే, ఏ సైజు, ఏ సంవత్సరం అని అడగండి.

ఫ్యూజన్ డ్రైవ్ అనే మాట వింటే ఇంకాస్త ఆగండి. నాదాంట్లో “1 టీబీ ఫ్యూజన్, అంటే ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్ రెండూ ఉన్నట్టే” అన్నాడు షాపతను. ఎస్ఎస్‌డీ అంటే తిరిగే భాగాల్లేని వేగమైన స్టోరేజ్. 2012లో ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు ఎస్ఎస్‌డీ భాగం 128 జీబీ. 2015లో 1 టీబీ మోడల్‌కి దాన్ని 24 జీబీకి కుదించారు. 24 జీబీ! ఒక పెళ్ళి తలంబ్రాల వీడియోకే చాలదు. మిగతాదంతా తిరిగే డిస్కే, అదీ పదేళ్ళు తిరిగింది. 21.5 అంగుళాలవాటిలో తక్కువ ధరవి 2019లో కూడా నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్క్‌తోనే వచ్చాయి. ఎస్ఎస్‌డీ మాత్రమే ఉన్నది దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి.

కొందరు ఇంకో ఆశతో కొంటారు. కంప్యూటర్ పోయినా స్క్రీన్ మానిటర్‌గా పనికొస్తుంది కదా అని. నేనూ అలాగే అనుకున్నా. 2009 నుంచి 2014 మధ్య వచ్చిన పాత స్క్రీన్ల మోడళ్ళలో కొన్నిటికి ఆ సదుపాయం ఉండేది. 5కె వచ్చినప్పుడు తీసేశారు. లోపలి బోర్డు పోతే ఇంత అందమైన గాజు గోడకి ఆనించి పెట్టుకోవడమే. ఆల్ ఇన్ వన్‌లో ఉన్న తిరకాసే ఇది, ఒకటి పోతే రెండూ పోతాయి.

ఇదంతా ఎందుకు, 2021లో ఆపిల్ సొంత చిప్ ఎం1తో వచ్చిన రంగుల ఐమ్యాక్ కొంటే పోలా అంటారు కొందరు. బాగుంటుంది, 24 అంగుళాలు, మందం 11.5 మిల్లీమీటర్లే. రూపం కొత్తది కాబట్టి పాతది అంటగట్టలేరు. అందులో ఇంకో రకం ప్రమాదం ఉంది. కంపెనీలు వాడి వదిలేసినవి హైదరాబాద్ మార్కెట్లోకి వస్తుంటాయి. కంపెనీ తన ఖాతాలోంచి తీయకుండా వదిలేసిన మిషన్‌ని మనం చెరిపి మళ్ళీ సెటప్ చేసినప్పుడు, నెట్‌కి కలవగానే రిమోట్ మేనేజ్‌మెంట్ అని వచ్చి కంపెనీ లాగిన్ అడుగుతుంది. నా స్నేహితుడొకడు అక్కడే ఇరుక్కున్నాడు. అందుకే షాపులోనే, మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి, మీ ఎదురుగా మొత్తం చెరిపించి మొదటి నుంచి సెటప్ చేయించండి. అరగంట పడుతుంది. చాయ్ తాగుతూ కూర్చోండి, మొహమాటపడొద్దు. పాత ఇంటెల్‌వి కొన్నా ఇదే చేయించండి. ఎం1లో ర్యామ్ గానీ స్టోరేజ్ గానీ తర్వాత పెంచే దారి లేదు. 8 జీబీది కొన్నవాడు 8 జీబీతోనే బతకాలి.

2020లో వచ్చిన ఇంటెల్ 27 అంగుళాలదాని గురించి కూడా అడుగుతున్నారు. ఇంటెల్ ఐమ్యాక్‌లలో 2025లో వచ్చిన తాహో ఓఎస్ అందుకున్నది అదొక్కటే. ఇంటెల్‌కి ఇదే చివరిదని ఆపిల్ చెప్పేసింది. రేటు ఆ లెక్కన ఉంటే ఆలోచించండి, లేకపోతే వద్దు.

ఇక నా సంగతి. ఆ వారమే షాపుకి మళ్ళీ వెళ్ళాను. బిల్లు తీసి చూపించాడు. ‘యూజ్డ్ ఐమ్యాక్ 27 – 1, టెస్టింగ్ వారంటీ 7 రోజులు’. సంవత్సరం లేదు, సీరియల్ నంబర్ లేదు. సంతకం మాత్రం నాదే. “స్టిక్కర్ ఎవరు అంటించిండ్రో నాకు తెల్వదన్నా, ప్యాచ్ మళ్ళా ఫ్రీగా వేసిస్తా” అన్నాడు. ఇంతకన్నా ఏమీ దొరకలేదు. మీరైనా బిల్లు మీద సీరియల్ నంబర్, మోడల్ సంవత్సరం రాయించుకోండి. రాయను అంటే అక్కడే లేచి వచ్చేయండి.

ప్యాచ్ వద్దని, ఆ మోడల్‌కి ఆపిల్ ఇచ్చిన చివరి ఓఎస్ మాంటెరేనే వేయించుకున్నాను. బయట ఒక ఎస్ఎస్‌డీ తగిలించి దాంట్లోంచి నడుపుతున్నా. వీడియో పని దాని మీద పెట్టుకోలేదు, రంగులు చూసుకోవడానికి మాత్రం వాడుతున్నా. నిజం చెప్పాలంటే స్క్రీన్ ఇప్పటికీ అద్భుతమే. నెమలికంఠం నెమలికంఠంలాగే కనిపిస్తోంది. కానీ అది 30 వేలకి దొరకాల్సిన అద్భుతం.

నిన్న మహబూబాబాద్ నుంచి ఒక తమ్ముడు ఫొటో పంపాడు. 27 అంగుళాలు, ‘2017’ స్టిక్కర్, స్క్రీన్ మీద సోనోమా, 55 వేలు చెబుతున్నారట, తీసుకోమంటారా అన్నా అని. వెనక్కి తిప్పి పోర్టులు ఫొటో తియ్యి, స్టాండ్ కింద నంబర్ కూడా తియ్యి అన్నాను. పది నిమిషాలకి మెసేజ్ వచ్చింది.

“తిప్పితే స్క్రీన్ పాడవుతుందంటున్నాడన్నా.”