హెర్మన్ తాబేలు తూర్పుదా, పడమటిదా తేల్చడానికి ప్లాస్టిక్ డిజిటల్ కాలిపర్: రివ్యూ

బ్రిటన్‌లోనో జర్మనీలోనో హెర్మన్ తాబేలు పెంచుకుంటున్న మనవాళ్లకు ఒక అనుమానం పట్టుకుంటుంది. అమ్మినవాళ్లు పడమటి ఉపజాతి అని చెప్పి ఎక్కువ ధర వేశారు, నిజంగా అదేనా అని. పడమటిది (హెర్మన్నీ) స్పెయిన్, దక్షిణ ఫ్రాన్స్, ఇటలీ, కోర్సికా, సార్డీనియాల్లో ఉంటుంది. తూర్పుది (బోయెట్‌గెరి) బాల్కన్ దేశాలది, గ్రీసుది. పొట్టకింది డిప్ప మీద పొడుగునా తెగకుండా సాగే రెండు నల్ల పట్టీలు, కంటి కింద పసుపు మచ్చ ఉంటే పడమటిదని చెబుతారు. అది నిజమే కానీ వయసు ముదిరిన తాబేళ్లలో రంగు అరిగి వెలిసిపోతుంది. అందుకని కొలత కూడా తీసుకోవాలి. ఆ పనికి 150 మి.మీ. ప్లాస్టిక్ డిజిటల్ కాలిపర్ (రెండు మొనల మధ్య దూరాన్ని తెర మీద అంకెల్లో చూపించే కొలత పరికరం) ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం.

కొలిచే ముందు అది హెర్మనేనని నిర్ధారించుకోవాలి. తోక కొసన గోరులాంటి మొన ఉండాలి. తోకపైన ఉండే పలక సాధారణంగా రెండుగా చీలి ఉంటుంది. తోకకు రెండు పక్కలా తొడల మీద ముల్లులాంటి బుడిపెలు కనిపిస్తే అది గ్రీకు తాబేలు అనే వేరే జాతి. దాని ఉపజాతుల లెక్క వేరే గందరగోళం, ఈ కాలిపర్ అక్కడ అక్కరకు రాదు.

పొట్టవైపు ఆరు జతల పలకలుంటాయి. తల నుంచి లెక్కపెడితే మూడో జత ఛాతీది, ఐదో జత తొడలది. ఒక్కో జతలో కుడి ఎడమ పలకలు కలిసే నడిమి అతుకు పొడవు కొలవాలి. ఐదో జత అతుకు మూడోదానికన్నా స్పష్టంగా పొడవుంటే పడమటిది. మూడోదే పొడవున్నా, రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నా తూర్పుది. ఉదాహరణకు మూడోది 11, ఐదోది 17 మి.మీ. వస్తే ఇక వాదన అక్కర్లేదు. చిక్కంతా 14, 15 వచ్చినప్పుడే.

అలాంటప్పుడు కాలిపర్ తెర మీది అంకెలను చూసి మోసపోకూడదు. చవక రకం లోహపు కాలిపర్లు 0.01 మి.మీ. దాకా చూపిస్తాయి. కానీ అతుకు ఎక్కడ మొదలైందన్నది కంటితో తేల్చేటప్పుడే అర మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది. పైగా కుడి ఎడమ పలకలు తరచూ ఒకే చోట మొదలవ్వవు, ఒకటి ముందుకు జరిగి ఉంటుంది. రెండు వైపులా విడివిడిగా కొలిచి సగటు తీసుకోవాలి. 0.1 మి.మీ. చూపించే ప్లాస్టిక్‌దే ఈ పనికి మెరుగు, మొనలు మొద్దుగా ఉండి చర్మానికి గుచ్చుకోవు. సుమారు పది పౌండ్లకు దొరికే వస్తువుకు అంతకన్నా ఆశించక్కర్లేదు.

లోపాలు లేకపోలేదు. పెద్ద ఆడ తాబేలు డిప్ప మొత్తం పొడవు 150 మి.మీ. దాటుతుంది, ఇది చాలదు. రెండు లావుపాటి పుస్తకాలు నిలబెట్టి, వాటి మధ్య తాబేలును ఉంచి స్కేలుతో కొలవడం నయం. రెండోది బ్యాటరీ. చవక కాలిపర్ ఆపేసినా లోపల కరెంటు తింటూనే ఉంటుంది. పని అవగానే బ్యాటరీ తీసి పెట్టుకోండి. అంకెలు మిణుకుమిణుకుమంటే ఎల్‌ఆర్44 బటన్ బ్యాటరీ తీసి, అదే సైజులో వచ్చే ఎస్‌ఆర్44 వేస్తే సరి. కొలిచే ప్రతిసారీ మొనలు మూసి సున్నా నొక్కాలి, ప్లాస్టిక్ మొనల మధ్య చిన్న ఇసుక రేణువున్నా సున్నా తప్పుతుంది.

తాబేలును వెల్లకిలా పడుకోబెట్టకండి. ఒకరు తల పైకి ఉండేలా నిలువుగా పట్టుకుంటే ఇంకొకరు కొలవాలి. ముందుగా మెత్తని తడి బ్రష్‌తో అతుకుల్లోని మట్టి తీయండి. ఎత్తి పట్టుకుంటే భయంతో మూత్రం పోయొచ్చు, దాంతో ఒంట్లో దాచుకున్న నీరు పోతుంది. కాబట్టి కొలత అయ్యాక గోరువెచ్చని నీళ్లలో కాసేపు కూర్చోబెట్టాలి. కడుపులో గుడ్లున్న ఆడదాన్ని ఈ పని మీద ముట్టుకోవద్దు.

పిల్ల తాబేళ్లకైతే కాలిపర్ కొనే పనే లేదు. అతుకులు నాలుగైదు మిల్లీమీటర్లే ఉంటే అర మిల్లీమీటరు తేడాకే ఫలితం తారుమారవుతుంది. రెండు ఉపజాతుల్నీ కలిపి పెంచిన ఇళ్లలో పుట్టిన సంకరాలకు కొలత ఒకటి, పట్టీలు ఇంకొకటి చెబుతాయి. అలాంటివాటిని దేనితోనూ జత కట్టించకపోవడమే మంచిది.

ఇది చదివి హైదరాబాద్‌లో ఎవరైనా నక్షత్ర తాబేలును కొలవబోతే ఒక్కమాట: అది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, ఇంట్లో ఉంచుకోవడమే నేరం. బ్రిటన్‌లో హెర్మన్‌ను అమ్మాలన్నా ఆర్టికల్ 10 సర్టిఫికెట్ (రక్షిత జాతుల అమ్మకానికి ఇచ్చే అనుమతి పత్రం) ఉండాలి. పొట్టడిప్ప 60 మి.మీ. దాటాక మైక్రోచిప్ వేయించమంటారు. ఆ 60 ఎప్పుడు దాటిందో చూసుకోవడానికి మాత్రం ఈ ప్లాస్టిక్ కాలిపర్ భేషుగ్గా సరిపోతుంది.