ఏజెంటు చెప్పిన ఆరు వందల మీటర్లు

హజ్‌లా కాక ఏడాదిలో ఎప్పుడైనా చేయగల ఉమ్రా అనే మక్కా యాత్రకు హన్మకొండలో డబ్బు కట్టించుకున్న రోజున ట్రావెల్స్ యజమాని మాతో అన్న మాట ఇది: "హరమ్ నుంచి మీ హోటలు 600 మీటర్లే, అజాన్ గదిలోకే వినపడుతుంది." హరమ్ అంటే మక్కాలో కాబా ఉన్న మసీదు. అమ్మకు, నా భార్యకు, నాకు తలకు 98,000 చొప్పున 2,94,000 రూపాయలు చెల్లించాము. మక్కాలోని మిస్ఫలాలో బస్సు దిగి ఫోనులో దారి కొలిస్తే అది 1,450 మీటర్లుగా తేలింది. అందులో చివరి 300 మీటర్లు నిటారుగా ఎక్కవలసిన దారి. మోకాళ్ల నొప్పులతో బాధపడే 68 ఏళ్ల మా అమ్మకు ఆ దారి చూపించి రోజుకు ఐదు నమాజులకు హరమ్‌కు వెళ్లిరమ్మనడం ఎంత అన్యాయమో ఆ యజమానికి తెలియక కాదు. తొమ్మిది అంతస్తులకు ఉన్న లిఫ్టు ఒక్కటే కావడంతో నమాజు ముగిసి జనమంతా ఒక్కసారిగా వచ్చినప్పుడు ఇరవై నిమిషాలు నిలబడవలసి వచ్చేది. ఆడవారి గదిలో నలుగురే అని చెప్పి ఐదో మంచం ఇరికించారు. నిజాం కాలం నాటి రుబాత్ అనే యాత్రికుల సత్రంలో మనవాళ్లకు ఉచితంగా బస ఇస్తారట కదా అని అమ్మ అడిగింది; అది హజ్‌కు ఎంపికైన వారికే గాని ఉమ్రాకు వచ్చిన మన వంటివారికి కాదని చెప్పాను.

శంషాబాద్ వరకు కారుకు 4,500 రూపాయలు అయింది. విమాన ప్రయాణం గురించి చెప్పుకోవలసింది లేదు. యాత్రలో మగవారు కట్టుకునే కుట్టు లేని రెండు బట్టలను, అంటే ఎహ్రామ్‌ను, విమానాశ్రయంలోనే కట్టుకున్నాను. ఎహ్రామ్ లేకుండా దాటకూడని హద్దు, మీఖాత్, దగ్గర పడుతున్నదని ప్రకటించగానే నీయత్ (సంకల్పం) చేసుకొని, వచ్చాను దేవా అనే లబ్బైక్ పలుకు అందుకున్నాము.

హోటలుకు చేరిన రెండు గంటలకే, అమ్మ కాళ్లు ఇంకా వాచి ఉండగానే, మా బృందానికి దారి చూపే మనిషి అందరినీ తవాఫ్‌కు, అంటే కాబా చుట్టూ ఏడు చుట్లు తిరగడానికి, బయలుదేరదీశాడు. తెల్లవారుజామున వెళ్తామంటే విడిగా దారి చూపడం తన పని కాదన్నాడు. కాబాను మొదటిసారి చూసినప్పుడు ఏమేమి దువా చేయాలో అమ్మ ఇంటి దగ్గరే మనసులో వరుస పెట్టుకుంది. తీరా చూశాక అవన్నీ మరిచి, "ఇంత దగ్గర్నా బిడ్డా!" అన్నది. మా అమ్మది నర్సంపేట దగ్గరి పల్లె కావడంతో ఉర్దూ కన్నా తెలుగే ఆమె నోటికి ముందు వస్తుంది.

మేడారం జాతర రద్దీనీ, కాజీపేట దర్గా ఉర్సు రద్దీనీ ఎరిగినవాణ్ని కనుక జనమంటే నాకు భయం లేదనుకున్నాను. అయితే అక్కడ వచ్చేవారూ పోయేవారూ ఎదురెదురుగా తగులుకుంటారు. ఇక్కడ అందరూ కాబాను ఎడమ చేతి వైపు ఉంచుకొని ఒకే దిశలో తిరుగుతారు కాబట్టి, అడుగు కలిపినంతసేపు ఆ జనమే మనల్ని నడిపించుకుపోతుంది. ఇబ్బందంతా కాబాకు హజ్రె అస్వద్ అనే నల్లరాయి ఉన్న మూల దగ్గరే. ప్రతి చుట్టూ అక్కడే మొదలవుతుంది. ఆ వరుసను తెలిపే ఆకుపచ్చ దీపం కనపడగానే చేయెత్తడానికి కొందరు ఆగిపోతారు, రాతిని ముద్దాడాలని మరికొందరు అడ్డంగా దూసుకొస్తారు. ముద్దాడటం తప్పనిసరి కాదు, దూరం నుంచి చేయెత్తి అల్లాహు అక్బర్ అన్నా సరిపోతుంది. ఇంత తెలిసీ మోచేతులతో ముసలివారిని నెట్టుకుంటూ పోయేవారిని చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

చుట్లు లెక్కించడానికి అమ్మ ఇంటి నుంచి ఏడు చింతగింజలు తెచ్చుకుంది. చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక గింజ నా నడుముకు కట్టిన సంచిలో వేసేది. ఆ మూలలో ఎవరో తోసిన తోపుకు ఒక గింజ జారిపోవడంతో, తిరిగినవి నాలుగా ఐదా అనే తగువు వచ్చింది. అనుమానం వస్తే తక్కువ సంఖ్యనే లెక్కలోకి తీసుకోవాలి గనుక నాలుగే అనుకొని సాగాము. నా భార్య లెక్క ప్రకారం మేము ఎనిమిది తిరిగాము. ఆ మాట ఆమె నాతో ఇప్పటికీ అంటుంది.

తవాఫ్ తర్వాత సఫా, మర్వా అనే రెండు గుట్టల మధ్య ఏడు సార్లు నడవాలి; అది మూడు కిలోమీటర్లు దాటుతుంది. అమ్మ ఇక నడవలేనన్నది. చక్రాల కుర్చీతో ఒకతను వచ్చి 300 రియాళ్లు అడిగి 200కు ఒప్పుకున్నాడు. తీరా మర్వా మీద ఏడోసారి ముగిశాక బక్షీస్ అంటూ మరో 50 పుచ్చుకున్నాడు. మన డబ్బులో దాదాపు ఆరు వేలు. హరమ్‌లో ఉచిత కుర్చీలు కూడా ఉంటాయని, నేనే తోసి ఉండవచ్చని మరునాడు తెలిసింది. ముసలివారితో వెళ్లేవారు ముందుగా వాటి సంగతి కనుక్కోవాలి. హోటలు పేరు కాగితం మీద రాయించుకొని, నడిచే దారి ఎంతో మ్యాపులో చూసుకున్న తర్వాతే డబ్బు కట్టాలి. గుండు గీయించుకోవడానికి మాత్రం 15 రియాళ్లు తీసుకొని ఒక్క గాటు కూడా పడకుండా గీశాడు ఆ మంగలి. ఆ ప్రయాణంలో ఇచ్చిన మాటకు కట్టుబడిన బేరం అదొక్కటే.

మదీనాలో గడిపిన ఐదు రోజులూ హాయిగా జరిగాయి.

తిరిగివచ్చాక ఖర్జూరాలూ, మక్కాలోని జమ్‌జమ్ బావి నీళ్ల సీసా ఇచ్చి రమ్మని అమ్మే నన్ను ట్రావెల్స్‌కు పంపింది. సీసా అతని బల్ల మీద పెట్టి, 600 మీటర్ల సంగతి అడిగాను. "గాలి దారిన కొలిస్తే అంతే సార్," అన్నాడు అతను. తర్వాత సీసాను కళ్లకద్దుకొని, రజబ్ నెలలో ఇంకో బృందం వెళ్తున్నదనీ, మా బంధువులెవరైనా ఉంటే చెప్పమనీ అడిగాడు.