తెనాలిలో ఉండి తిరగడమా, బెజవాడలో అద్దెకు దిగడమా?

బెజవాడలో ఉద్యోగం వచ్చిన ప్రతి తెనాలి ఇంట్లోనూ ఇదే చర్చ. నేను రెండూ చేసి చూశాను.

దూరం 30 కిలోమీటర్ల పైచిలుకు, అంతే. రైలు సీజన్ టికెట్ తీసుకుంటే నెల ఖర్చు బెజవాడ ఇంటద్దె ముందు ఏ పాటిది! అయితే దాంతో రిజర్వేషన్ పెట్టెలు ఎక్కకూడదు, జనరల్లో నిలబడాల్సిందే. దుగ్గిరాల, పెదవడ్లపూడి, కృష్ణా కెనాల్ దాకా ఫరవాలేదు. వంతెన దాటాక బండి సిగ్నల్ దగ్గర ఆగిందంటే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. దుర్గమ్మ కొండ ఎదురుగా కనబడుతూనే ఉంటుంది, గడియారం మాత్రం ఆగదు.

సత్యనారాయణపురంలో అద్దెకున్న ఏడాది ఆఫీసుకు పావుగంటలో చేరేవాణ్ణి. సాయంత్రం పాపతో హోంవర్క్ చేయించే తీరిక దొరికింది. అది చిన్న సుఖం కాదు. కానీ మే నెల రాత్రుళ్లు ఆ రెండు గదుల్లో గోడలు కూడా సెగలు కక్కేవి. ఒంట్లో బాగోకపోతే తలుపు తట్టేవాళ్లు లేరు.

తెనాలిలో రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరినా, అమ్మ పప్పుగిన్నె మీద పళ్లెం బోర్లించి కూర్చుని ఉంటుంది. పాప అప్పటికే నాయనమ్మ ఒళ్లో నిద్రపోయి ఉంటుంది.

ఆఫీసు వేళలు నిక్కచ్చిగా ఉండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే తెనాలికే నా ఓటు. రాత్రి డ్యూటీలుంటే బెజవాడే మేలు. డ్యూటీ అయ్యాక ఆ తిరుగు ప్రయాణం ఒంటిని పిండేస్తుంది.